పెదవులకు వెలుగు, కళ్లకు చీకటి

సినిమాలో మెరిసిన వస్తువును చూసి ఎవరో ఒకరు అట్టతోనో, థర్మకోల్‌తోనో, ఫైబర్‌తోనో అచ్చంగా అలాంటిదే తయారుచేస్తారు. దాని కడుపులో దీపం పెట్టడం నా వృత్తి. కత్తి పిడిలో, కిరీటంలో, పెళ్లికొడుకు దిగివచ్చే రాకెట్‌లో, గణపతి మంటపం ముందు నిలబెట్టిన సినిమా కోటలో, ఎక్కడైనా సరే, వస్తువు వాళ్లది, వెలుగు నాది.

ఇప్పుడు మానేశాను. సోల్డరింగ్ కడ్డీ పట్టుకుంటే మొన ఒకటికి రెండు కనిపిస్తోంది. ఏది అసలు, ఏది నకిలీ అని దానితోనే బేరమాడాల్సి వస్తోంది. బేరం నాకు కొత్త కాదు లెండి. జనగామ బజారులో కిరాణా కొట్టు గడప మీద పెరిగినవాడిని. దవాఖానలో నర్సమ్మ రెండు సూదులు వేయాలంటే, "రెండూ కలిపి ఒకటే వెయ్యరాదా అమ్మా?" అని అడిగిన రకం. ఆమె కోపంతో మూడోది వేయనందుకు అదే లాభమనుకుని ఇంటికొచ్చాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను ఏ ఎల్‌ఈడీ స్ట్రిప్ కొనాలి, ఏ కంట్రోలర్ మంచిది అని అడుగుతుంటారు. అవి ఫోన్‌లో దొరుకుతాయి. ఫోన్‌లో దొరకనివి నాలుగు ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా భూపాలపల్లిలో ఒక హెల్మెట్ గురించి. అందులో లైటు సరిగ్గా వెలిగితే ఒక అమ్మాయి పని నిలుస్తుంది, లేకపోతే పోతుంది. నా పని మీద ఒకరి బతుకు ఆధారపడటం నాకు అదే మొదటిసారి. దాని సంగతికి ముందు, అక్కడికి నేను ఏ తెలివితో వెళ్లానో కొంచెం చెప్పాలి.

సేటు నేర్పినవి, నేర్పకూడనివి

నాకు పని నేర్పింది జనగామలో మైక్ సెట్లు, సీరియల్ బల్బులు అద్దెకిచ్చే యాదగిరి సేటు. పని అయ్యాక ఆయన దగ్గరికి వచ్చి చూసేవాడు కాదు. రోడ్డు అవతలికి పోయి, రెండు చేతులూ కళ్ల చుట్టూ దొప్పలా పట్టుకుని చూసేవాడు. అక్కడి నుంచే అరుపు.

"బల్బు కనబడ్తున్నదిరా!"

"బల్బు పెట్టినంక కనబడదా సేటూ?"

"వెలుగు కనబడాలె. బల్బు కనబడితే నువ్వు కనబడ్డట్టే. నీ మొఖం ఎవనికి గావాలె?"

ఈ వృత్తిలో సగం విద్య ఆ ఒక్క మాటలో ఉంది. చుక్కలు చుక్కలుగా స్ట్రిప్ కనిపించిందంటే చూసేవాడికి అది కిరీటం కాదు, కరెంటు సామాను. బటర్ పేపర్ వేయండి, పాలరంగు అక్రిలిక్ షీటు వేయండి, లైటును గోడకేసి తిప్పి వెనక్కి తెచ్చుకోండి. బల్బుకు, పైతొడుగుకు మధ్య బెత్తెడు ఖాళీ ఉంటే సగం కష్టం తగ్గుతుంది. తయారుచేసేవాళ్లు ఆ ఖాళీ ఇవ్వరు. ఎందుకంటే వాళ్లకు మనం గుర్తుకొచ్చేది రంగులు కూడా ఆరిపోయాక.

సేటు మంచి గురువే కానీ, ఆయనకు మొండి ధైర్యం ఎక్కువ. తీగలో కరెంటు ఉందో లేదో వేలి వెనక భాగంతో తాకి చూసేవాడు. మమ్మల్ని కూడా తాకమనేవాడు. అది ధైర్యం కాదు, టెస్టర్ కొనడానికి బద్ధకం. మీ పెద్దలు ఎంత గొప్పవాళ్లయినా ఇలాంటివి వాళ్ల దగ్గరే వదిలేసి రండి.

పాలు తాగిన జీపు

ఒకసారి జనగామలో ఒక హీరో అభిమానులు సినిమాలో ఆయన నడిపిన పాత జీపుకు నకలు చేయించి థియేటర్ ముందు నిలబెట్టారు. లోపల డ్యాష్‌బోర్డు వెలగాలి, సీట్ల కింద ఎర్రటి వెలుగు ఉండాలి. బాగానే పెట్టాను. వాన వస్తుందేమోనని పైకప్పు అతుకులన్నీ మూశాను. మబ్బును చూసుకున్నాను గానీ మనుషులను చూసుకోలేదు.

మొదటి ఆటకు ముందు గుమ్మడికాయ కొట్టారు. కొబ్బరికాయలు కొట్టారు. తర్వాత ఒకడు బిందె ఎత్తి జీపు మీద పాలు పోశాడు. కటౌట్‌కు పోసేవి జీపుకు ఎందుకు పోస్తారని నేను అడిగితే, అభిమాన సంఘం అధ్యక్షుడు జాలిగా చూశాడు.

"అన్న కూసున్న బండి కాకా! పొయ్యకుంటే మర్యాదుంటదా?"

కిటికీలోంచి లోపలికి పోయిన పాలు బయటికి రావడానికి దారి లేదు. సీట్ల కింద నిలబడి, తీగలను చేరి, చిటపటమని కాగడం మొదలుపెట్టాయి. హీరో సింహంలా జీపు దిగాల్సిన చోట కాగిన పాల వాసన, కొంచెం మీగడ. ఒకడు "చాయ్‌పత్త ఏస్తే అయిపోతది" అన్నాడు. ఫ్యూజు కొట్టేసింది కాబట్టి నవ్వులతో పోయింది.

అప్పటినుంచి ఏ వస్తువు తెచ్చినా నా మొదటి ప్రశ్న "ఇది ఏమిటి?" అని కాదు, "దీన్ని ఏం చేస్తారు?" అని. పాలు పోస్తారా, పసుపునీళ్లు చల్లుతారా, భుజాన మోస్తారా, ముందు పటాకులు పేలుస్తారా? పైన ఎంత మూసినా అడుగున ఒక రంధ్రం పెట్టండి. మన జనం ఇష్టపడ్డ దాన్ని తడపకుండా వదలరు.

ఎస్తేరు, మోహన్, రెండు హెల్మెట్లు

భూపాలపల్లిలో కుమార్ మాస్టర్ అని డ్యాన్స్ బృందం నడుపుతాడు. కాళేశ్వరం వైపు పెళ్లిళ్లకు, టేకుమట్లలో రిసెప్షన్లకు, గని కాలనీలో ఫంక్షన్లకు ఆడతారు. ఆ బృందంలో ముందు నిలిచే జోడు ఎస్తేరు, మోహన్. ఎస్తేరు నాన్న బొగ్గు గనిలో పనిచేస్తాడు. చిన్నప్పుడు వచ్చిన మెదడు జ్వరం ఆ అమ్మాయి వినికిడిని తీసుకుపోయింది. అప్పటికే మాటలు వచ్చి ఉన్నాయి కాబట్టి మాట్లాడుతుంది, కానీ తన గొంతు తనకు వినపడదు కదా, గుసగుస చెప్పాల్సింది కూడా ఊరంతటికీ చెబుతుంది. మోహన్ మహబూబాబాద్ దగ్గర తండా పిల్లవాడు. ఇంట్లో వాళ్ల భాష, బయట తెలుగు. పాట వింటూ అతను పెదవులతో "వన్, టూ, త్రీ, ఫోర్" అని లెక్క కదుపుతాడు. ఆమె ఆ పెదవులు చూసి అడుగు వేస్తుంది. చూసేవాళ్లకు ఈ సంగతి తెలియదు. అంత బాగా ఆడతారు.

అంతలో ఒక అంతరిక్షం సినిమా వచ్చింది. అందులో చంద్రుడి మీద హీరో, హీరోయిన్ గాజు హెల్మెట్లు పెట్టుకుని ఆడే పాట ఊరూరా మోగింది. కాలనీ వార్షికోత్సవానికి అదే పాట కావాలన్నారు. మాస్టర్ మహబూబాబాద్‌లో ఫైబర్ పనివాడితో రెండు హెల్మెట్లు చేయించాడు. ముందు వంపు తిరిగిన అక్రిలిక్ అద్దం, అచ్చం సినిమాలో లాగే. అవి పెట్టుకుని స్టేజి మీద నిలబడగానే చిక్కు బయటపడింది. పై నుంచి లైటు పడితే అద్దం మెరుస్తుంది, లోపల ముఖం నల్లగా మాయమవుతుంది. మోహన్ పెదవులు ఎస్తేరుకు కనిపించవు. కాళ్లకు మందపాటి ఫోమ్ బూట్లు కాబట్టి నేల అదురు కూడా తెలియదు. ఆమె రెండో చరణానికే తప్పిపోయింది.

మాస్టర్ నన్ను పిలిపించాడు. పరకాల దాటి, చెల్పూర్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపించేసరికి ఎంత చెప్పాలి, ఎంతకు దిగాలి అని మనసులో లెక్క సిద్ధం చేసుకున్నాను.

"రెండు టోపీలకు మెడకాడ నీలం లైటు పెట్టు అన్నా. మోహన్‌గాని టోపిల మాత్రం లోపల గూడ పెట్టు, మొఖం కనబడాలె," అన్నాడు మాస్టర్.

"రెండిట్ల లోపల పెడితే జోడు మంచిగుంటది గద?" అన్నాను. సలహాలా వినిపించినా అది వ్యాపారం.

"ఎందుకన్నా? ఆమెనే వాణ్ని జూడాలె. ఆమె మొఖం ఎవలు జూడాలె?"

ఎస్తేరు ఆ మాట ఆయన పెదవుల మీద చదివేసింది.

"నేను గంత పాడుగున్ననా మాస్టర్?" అని హాలు అదిరేలా అడిగింది.

అందరూ నవ్వారు. మాస్టర్ కూడా నవ్వాడు గానీ, నన్ను వరండాలోకి తీసుకెళ్లి అసలు మాట చెప్పాడు. "నిజం చెప్తున్నన్నా. టోపి పెట్టుకుని ఆమె ఆడకుంటే ఇంకో పిల్లను పెడ్త. చెవులు మంచిగున్న పిల్ల తయారుగున్నది. ఇప్పుడు అందరు గీ పాటనే అడుగుతున్నరు. ఒక్కసారి పక్కకు పెడితే మల్ల ముందటికి తెచ్చుడు నాతోని గాదు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆట చెడితే తిట్లు తినేది ఆయనే. మేము లోపలికి వచ్చేసరికి ఎస్తేరు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని మా ఇద్దరి మూతులూ మార్చి మార్చి చూస్తోంది. వరండా కిటికీ తెరిచే ఉందని అప్పుడు గమనించాను. దాచడానికి ఏమీ మిగల్లేదు.

"చేస్తవా కాకా?" అంది.

బేరం సంగతి మరిచిపోయి "చేస్త" అన్నాను. మా నాయిన బతికి ఉంటే కొట్టు మూసి ఏడ్చేవాడు.

ఇరుకు చోట బేరం

మొదట అందరూ చేసేదే చేశాను. అద్దం అంచు చుట్టూ స్ట్రిప్ తిప్పాను. ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగింది. మోహన్ అడుగు వేసి నేరుగా పోయి స్తంభానికి గుద్దుకున్నాడు.

"కాకా, నాకు నా ముక్కు దప్ప ఏం కనబడ్తలేదు!"

ఎస్తేరు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "ఇన్నొద్దులు నీ ముక్కు నేను జూసిన. ఇప్పుడు నువ్వు జూడు."

సినిమాలో ఎలా చేశారో నాకు తెలియదు. కెమెరా ముందు నటుడికి దారి కనిపించకపోయినా పట్టుకుని నడిపించేవాళ్లు ఉంటారు. మన దగ్గర ఎవరూ ఉండరు. తెరమీద చూసినదాన్ని అలాగే దింపితే ఇదే గతి.

రాత్రి తిరిగి వస్తుంటే బస్సులో ఎవరో జారిపోయిన సంచి వెతకడానికి లోపలి లైటు వేయించారు. డ్రైవర్ అరిచాడు. "లైటు బంద్ జెయ్యున్రి! నాకు రోడ్డు కనబడొద్దా?" ముందు అద్దంలో రోడ్డుకు బదులు మా అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి. హెల్మెట్ లోపల జరుగుతున్నది కూడా అదే. వెలుగు కంట్లో పడటం కాదు సమస్య, వెలిగిన ముఖమంతా అద్దంలో తిరిగి కనిపించడం. అంటే ముఖం మొత్తం వెలగకూడదు. పెదవులు వెలగాలి, కళ్లు చీకట్లో ఉండాలి.

ముక్కుకు పైన హెల్మెట్ లోపలంతా నల్ల వెల్వెట్ గుడ్డ అంటించాను. గడ్డం కింద చిన్న లైటు పెట్టి, నల్ల అట్టతో దానికి చూరు కట్టాను. మోహన్‌కు దారి కనిపించింది. ఎస్తేరు మాత్రం తల అడ్డంగా ఊపింది.

"దయ్యం లెక్క ఉన్నడు. పై పెదవి నీడల ఉన్నది. కింద పెదవే మాట్లాడ్తున్నది."

సగం మూతి చదవడం ఎవరివల్ల అవుతుంది? గడ్డం కింది లైటు తీసేసి, రెండు దవడల దగ్గర రెండు చిన్నవి పెట్టాను. వాటిని తెల్లగా కాకుండా కాస్త పసుపు వైపు ఉంచాను. అప్పుడు పెదవుల అంచులు తేలాయి. కాస్త వెలుగు మాత్రం అద్దం దాటి బయటికి చిందుతోంది, ఎంత టేపు వేసినా పూర్తిగా ఆగలేదు.

ఆ తర్వాత ఆవిరి వచ్చిపడింది. ఆడుతుంటే మనిషి ఊపిరి బుసలు కొడుతుంది, అద్దం మసకబారుతుంది. పైగా ఇంకో విచిత్రం. వెలిగిన కాసేపటికి లైటు దానంతట అదే ఆరిపోతోంది. తీగలన్నీ విప్పి మళ్లీ అతికాను. మళ్లీ ఆరింది. మాస్టర్ నా వైపు చూసే చూపు మారింది. ఎస్తేరు మాత్రం చూపు తిప్పుకుని బూట్ల దారాలు కట్టుకుంటోంది. కట్టినవే మళ్లీ కడుతోంది.

తప్పు తీగల్లో లేదు. మెడ వెనక పెట్టిన పవర్ బ్యాంకులో ఉంది. నా లైట్లు మరీ కొంచెం కరెంటే తాగుతున్నాయి. ఫోన్ నిండిపోయిందనుకుని అది తనంతట తనే మూసుకుంటోంది. తక్కువ వాడితే తలుపు మూసే కొట్టును నేనెక్కడా చూడలేదు. కొంచెం ఎక్కువ వాడాలి, అంతే. ఆవిరి పోగొట్టడానికి కంప్యూటర్లలో ఉండే చిన్న ఫ్యాన్ ఒక్కో హెల్మెట్‌లో ఒకటి పెట్టాను. అద్దం తేటపడింది, ఫ్యాన్ తాగే కరెంటుతో పవర్ బ్యాంకు మేలుకునే ఉంది. నా వృత్తి మొత్తం మీద ఒక సామానుతో రెండు జబ్బులు పోయింది అప్పుడే. ఎంత సంతోషమంటే, దాని ఖరీదు అడగడం మరిచిపోయాను.

"చెవుల గుయ్‌మంటున్నది కాకా," అన్నాడు మోహన్.

"నాకు మూడు ఫ్యాన్లు పెట్టు, నాకేం ఫికర్ లేదు," అంది ఎస్తేరు.

ఫ్యాన్‌ను చెవికి దూరంగా మెడ వెనక్కి జరిపాను. పరీక్షకు హాలు దీపాలన్నీ ఆర్పించాం. మోహన్ ఆ చివర నిలబడి గొంతు లేకుండా పెదవులు కదపాలి, ఎస్తేరు ఈ చివర నుంచి చదివి చెప్పాలి. అతను కదిపాడు.

"మాస్టర్... పీనాసోడు... చాయ్ గూడ... తాపిస్తలేడు!" అని ఎస్తేరు చదివి వినిపించింది, వీధి దాకా.

చీకట్లో మాస్టర్ గొంతు వచ్చింది. "లైటు మంచిగనే పనిచేస్తున్నది. మోహన్‌గా, నువ్వు బయటికి రా."

ఆ రోజు అందరికీ చాయ్ వచ్చింది.

వార్షికోత్సవం

కాలనీ మైదానంలో స్టేజి కట్టారు. వేరే పిల్ల కూడా దుస్తులు వేసుకుని పక్కన కూర్చుంది. మాస్టర్ ఏ ఏర్పాటూ వదలడు. ఎస్తేరు ఆ పిల్లను చూసింది, దగ్గరికి పోయి జడ సర్దింది. నేను స్టేజి మెట్ల దగ్గర స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డాను, అవసరం వస్తే చేయగలిగింది ఏమీ లేకపోయినా.

పాట మొదలైంది. మొదటి చరణం, రెండో చరణం దాటాయి. ఆమె తప్పలేదు. చంద్రుడి మీద గ్రహణం పట్టే ఘట్టంలో స్టేజి దీపాలన్నీ ఆర్పి, హెల్మెట్ల వెలుగులోనే ఆడటం మాస్టర్ ఆలోచన. సరిగ్గా అప్పుడే జనరేటర్ ఆగిపోయింది. దీపాలతో పాటు పాట కూడా ఆగింది. మైదానమంతా చీకటి, నిశ్శబ్దం. బ్యాటరీ మీద ఉన్నవి మావే కాబట్టి మెడల దగ్గర రెండు నీలి వలయాలు, వాటిలో ఒకదాని పైన మోహన్ పెదవులు మాత్రం వెలుగుతున్నాయి.

ఆ పెదవులు కదలడం లేదు. పాట లేకపోతే అతను దేన్ని లెక్కపెడతాడు?

ఎస్తేరు ఆగలేదు. దీపాలు ఆరడం ఆటలో ఉన్నదే. పాట ఆగిన సంగతి ఆమెకు ఎలా తెలుస్తుంది? తన అడుగులు తాను వేస్తూ, మోహన్ కోసం చూసింది. అతను నిలబడిపోయాడు. రెండో నీలి వలయం మొదటిదాని దగ్గరికి జరగడం నేను కింద నుంచి చూశాను. ఆమె తన అద్దాన్ని తెచ్చి అతని అద్దానికి ఆనించింది. అతని దవడల దగ్గరి వెలుగు, నేను టేపు వేసి ఆపాలని నానా తంటాలు పడ్డ ఆ చిందే వెలుగు, రెండు అద్దాలూ దాటి ఆమె మూతి మీద పడింది. ఆ కొంచెం వెలుగులో ఆమె పెదవులు కదిలాయి. వన్, టూ, త్రీ, ఫోర్.

మోహన్ పెదవులు కూడా కదలడం మొదలుపెట్టాయి. ఆమె వెనక్కి వెళ్లి తన చోట నిలబడింది. పాట లేకుండా, దీపాలు లేకుండా, చెక్కల మీద ఫోమ్ బూట్ల మెత్తటి చప్పుడుతో ఆ చరణమంతా ఇద్దరూ ఆడారు. జనం గ్రహణమంటే ఇలాగే ఉంటుందనుకున్నారో ఏమో, ఒక్కరూ ఈల వేయలేదు. జనరేటర్ మళ్లీ మొదలయ్యేసరికి వాళ్లు చివరి భంగిమలో నిలబడి ఉన్నారు.

మెట్లు దిగుతూనే ఎస్తేరు హెల్మెట్ తీసి మోహన్ వీపు మీద చరిచింది.

"లెక్క మరిచినవ్! నేను జెప్పకుంటె ఇజ్జత్ పోతుండె!"

"పాట బందయిందే తల్లీ! జనరేటర్ ఆగింది. మొత్తం బంద్!"

ఆమె నమ్మలేదు. మాస్టర్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు. నా వైపు చూసింది. నేనూ ఊపాను. ఎస్తేరు పోయి మాస్టర్ ముందు నిలబడింది.

"గట్లయితే పాట బందయితె ఆగింది ఎవలు మాస్టర్? నేనా, చెవులున్నోడా?"

మాస్టర్ అటు తిరిగి, పక్కన కూర్చున్న పిల్లను దుస్తులు మార్చుకుని పొమ్మన్నాడు.

ఎస్తేరు తన హెల్మెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "నా టోపిల గూడ లైటు పెట్టు కాకా. ఇగ వాడు గూడ నన్ను జూడాలె."

నేను మాస్టర్‌ను అడగలేదు. మెట్టు మీద కూర్చోమని, కొలత టేపు తీసి ఆమె దవడ దగ్గర పెట్టాను. "కదలకు," అన్నాను. ఆమె నా పెదవులు చూస్తోంది కాబట్టి మెల్లగానే అన్నాను.